అనామతు ఖాతాలో రెండు కిలోలు

జూన్ 6, గురువారం పొద్దున. స్నానం చేసి వచ్చి కాళ్ళు తుడుచుకుంటుంటే ఎడమకాలి మెట్టె వేలిలోకి దిగబడిపోయి కనిపించింది. మామూలుగా అది వదులు. నడుస్తుంటే పక్కకు తిరిగిపోతుంది, రోజుకోసారి సర్దుకోవాలి. ఆ రోజు ఎంత తిప్పినా కదల్లేదు. చేతి ఉంగరమూ అంతే. వాచీ బెల్టు ఒక కన్నం వెనక్కి జరిపితే గానీ పట్టలేదు. అనుమానం వచ్చి వెయింగ్ మిషన్ ఎక్కాను. 73.4. సోమవారం పొద్దున ఇదే మిషన్ మీద 71.8 ఉన్నాను. మూడు రోజుల్లో కిలోన్నర పైన పెరిగాను. అదీ పెళ్ళిభోజనాలు తినికాదు, జీవితంలో మొదటిసారి జిమ్‌లో చేరి ఒళ్ళు హూనం చేసుకుని.

ఇది 2024 నాటి మాట. నేను విశాఖపట్నంలో ఒక జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. అప్పటికి నాకు 43 ఏళ్ళు. లెక్క రాసుకోవడం వృత్తి వల్ల వచ్చిన జబ్బు, అందుకే బరువుకీ ఒక పుస్తకం పెట్టుకున్నాను. ఆ పుస్తకం ముందుంది కాబట్టే తేదీలు, అంకెలు ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

జనవరిలో 76.4 దగ్గర మొదలుపెట్టాను. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేసే వేళకి వెళ్ళి, ఆర్కే బీచ్ నుంచి ఓ గంట నడిచి వచ్చేదాన్ని. రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించాను. అంతే. నెలకి కిలో చొప్పున దిగుతూ వచ్చి, ఏప్రిల్ చివరికి 72 దగ్గర ఆగిపోయింది. మే నెలంతా ఆ చుట్టుపక్కలే తచ్చాడింది. ఆ ఏడాది ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేయాలని గట్టిగా అనుకున్నాను. కొండ మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచి మళ్ళీ అక్కడికే రావాలి. గంట నడకతో అది అయ్యేపని కాదని, కాళ్ళకి కొంచెం బలం కావాలని, ఇంటికి దగ్గర్లో ఉన్న జిమ్‌లో మూడు నెలలకి డబ్బు కట్టేశాను.

జూన్ 3, సోమవారం. ట్రైనర్ పాతికేళ్ళ కుర్రాడు, మర్యాదస్తుడు. "మేడమ్, వాకింగ్‌తో ఏం కాదు, కండ పెరగాలి" అన్నాడు. అది నిజమే. కానీ మొదటి రోజే బస్కీలు ఇరవై చొప్పున ఐదు విడతలు చేయించాడు. చిన్నప్పుడు స్కూల్లో గుంజీళ్ళు తీసిన ధైర్యంతో నేనూ సరే అన్నాను. తర్వాత, ఒక కాలు ముందుకు వేసి మోకాలు వంచి కిందికి దిగి లేచేది ఒకటుంది. దాని ఇంగ్లీషు పేరు తెలుగు చెవికి బొత్తిగా బాగుండదు కాబట్టి రాయను. చేతుల్లో చెరో మూడు కిలోల డంబెల్ పెట్టి, హాలు ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగుసార్లు నడిపించాడు. ఆ సాయంత్రం నేను చాలా గొప్పగా ఉన్నాను. నొప్పి లేదు, ఒళ్ళు తేలిగ్గా ఉంది, రాత్రి ఆకలి బాగా వేసింది. ఇంత తేలికా అనుకుని పడుకున్నాను.

మర్నాడు జూన్ 4, ఓట్ల లెక్కింపు రోజు. మా ఆయన కౌంటింగ్ డ్యూటీకి తెల్లవారకముందే వెళ్ళిపోయారు. రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది, నేనూ కూర్చున్నాను. లేవలేకపోవడమే నా సమస్య. పదకొండు గంటలకి కాఫీ పెట్టుకుందామని సోఫాలోంచి లేవబోతే తొడలు రెండూ ఎవరో బిగించి కట్టేసినట్టు పట్టేశాయి. సాయంత్రానికి ఇంకా ఎక్కువైంది. మాది మూడో అంతస్తు. లిఫ్ట్ ఉంది, కానీ ఆ వారం దానికి కూడా బాగోలేదు. మెట్లెక్కడం పర్వాలేదు. దిగడమే నరకం. రైలింగ్ రెండు చేతులతో పట్టుకుని, పీతలాగా పక్కకు తిరిగి ఒక్కో మెట్టు దిగాను. బాత్రూమ్‌లో పడ్డ అవస్థ గురించి రాయడం లేదు, తొడలు పట్టేసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఎక్కడం కన్నా దిగడం ఎందుకు కష్టమో అప్పుడు తెలియదు. తర్వాత మా కాలేజీలో జువాలజీ మేడమ్ చెప్పింది. పైకి ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం బరువు మోస్తూ సాగుతుంది. బావిలో బిందె వదిలేటప్పుడు చేతిలో చేంతాడు జారిపోకుండా బిగపట్టి వదులుతామే, అలాంటి పని. అలవాటు లేని కండకి ఈ సాగుతూ మోసే పని పడితే లోపలి పోగుల్లో కంటికి కనపడని చిన్న చిన్న చిరుగులు ఏర్పడతాయట. శరీరం వాటిని బాగుచేయడానికి రక్తంలోంచి నీళ్ళను, తెల్లకణాలను అక్కడికి పంపిస్తుంది. కండ ఉబ్బుతుంది. ఆ రిపేరు నడుస్తున్నప్పుడే నొప్పి. అందుకే అది చేసిన పూట రాదు, 24 గంటల తర్వాత మొదలై రెండో రోజో మూడో రోజో పతాక స్థాయికి వెళుతుంది. నేను అప్పటిదాకా ల్యాక్టిక్ ఆమ్లం పేరుకుపోతే నొప్పి అనే నమ్ముతున్నాను, ట్రైనరూ అదే చెప్పాడు. ఆవిడ నవ్వింది. ఆ ఆమ్లం గంటా రెండు గంటల్లో రక్తంలోంచి వెళ్ళిపోతుందట. థియోడర్ హఫ్ అని అమెరికాలో ఒకాయన 1902లోనే ఈ ఆలస్యపు నొప్పి గురించి రాస్తూ, కండరం లోపలి పోగులు తెగడం దీనికి కారణం అయ్యుండాలని అనుమానించాడట. నూట ఇరవై ఏళ్ళు దాటినా మన జిమ్‌ల దాకా ఆ కబురు చేరలేదన్నమాట.

కానీ ఇదంతా తర్వాత తెలిసిన జ్ఞానం. ఆ వారం నా దగ్గరున్నది పుస్తకం, మిషన్, భయం మాత్రమే. మంగళవారం 72.3. బుధవారం 72.9. గురువారం 73.4. శుక్రవారం 73.7. ఆ శుక్రవారం పట్టేసిన కాళ్ళతోనే వెళితే ట్రైనర్ మళ్ళీ అవే బస్కీలు చేయించాడు, "నొప్పి మీద కొడితేనే నొప్పి పోతుంది మేడమ్" అని. శనివారం 73.9. ఐదు రోజుల్లో 2.1 కిలోలు. టేపుతో కొలిస్తే తొడ చుట్టుకొలత 58 నుంచి 59.5కి పెరిగింది. జాకెట్టు చేతులు బిగిశాయి. సాయంత్రానికి చెప్పుల పట్టీలు పాదం మీద గాడి పెడుతున్నాయి. పొద్దున లేస్తే మొహం కూడా కాస్త పొంగినట్టుంది అనిపించింది. అది నిజమో, భయంతో అద్దం ముందు నిలబడితే అలా కనిపించిందో ఇప్పటికీ చెప్పలేను.

"జిమ్ వాడికి ఆరు వేలిచ్చి రెండు కిలోలు కొనుక్కొచ్చావన్నమాట, కిలో మూడు వేలు పడింది" అన్నారు మా ఆయన. అమ్మకి ఫోన్ చేశాను. "ఒళ్ళు నీరు పట్టిందే తల్లీ. కడుపుతో ఉన్నప్పుడూ నీకిలాగే కాళ్ళు పొంగాయి. బార్లీ నీళ్ళు కాచుకుని తాగు, ఆ జిమ్మూ గిమ్మూ మానెయ్యి" అంది. వెనక్కి తిరిగి చూస్తే, ఆ వారం నాతో మాట్లాడినవాళ్ళందరిలో సరైన మాట అన్నది అమ్మే. నీరు అన్నది. కొవ్వు అనలేదు.

నేను మాత్రం కొవ్వనే అనుకున్నాను. లెక్కల మనిషినై ఉండి ఒక్క నిమిషం లెక్క వేయలేదు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయని అందరూ వాడే అంకె. 2.1 కిలోలంటే పదహారు వేల పైమాట. ఐదు రోజుల్లో అంత కొవ్వు చేరాలంటే, ఒంటికి కావాల్సినదానికి పైన రోజుకి 3,200 కేలరీల చొప్పున తినుండాలి. నా రోజు మొత్తం తిండే రెండు వేలు దాటదు. ఈ గుణకారం ఏడో తరగతి పిల్ల చేస్తుంది. టెన్షన్‌లో ఉన్న మనిషి చేయదు.

ఇక్కడి నుంచి నేను చేసినవన్నీ తప్పులే. శనివారం నుంచి అన్నం పూర్తిగా మానేశాను. పొద్దున నడక, సాయంత్రం జిమ్, రెండూ. చెమట ఎక్కువ పోతోందని, జూన్ నెల విశాఖ ఉక్క ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి తెలుసు, రోజుకి రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు కలుపుకుని తాగడం మొదలుపెట్టాను. నొప్పులకి ఎదురింటావిడ డైక్లోఫెనాక్ మాత్రల పట్టీ ఇస్తే పూటకొకటి వేసుకున్నాను. సోమవారానికి బరువు 73.1కి దిగింది. నా పద్ధతి పనిచేస్తోందని సంబరపడ్డాను. ఆ మధ్యాహ్నం క్లాసులో బోర్డు మీద రాస్తుంటే కళ్ళు తిరిగి బల్ల పట్టుకున్నాను.

బుధవారం కాలేజీలో ఒక సహోద్యోగి ఇంటి గృహప్రవేశం. పులిహోర, ముద్దపప్పు, కొత్తావకాయ, అప్పడాలు, చివర్న పెరుగన్నం. నాలుగు రోజుల ఉపవాసం మీద ఉన్నదాన్ని, విస్తరి ముందు కూర్చున్నాక మొహమాటపడలేదు. గురువారం పొద్దున మిషన్ మీద 74.2. ఏడ్చాను. సిగ్గేమీ లేదు చెప్పడానికి, మంచం అంచున కూర్చుని ఏడ్చాను. ఆరు నెలల నడక మొత్తం బూడిదలో పోసిన పన్నీరు అయిందనిపించింది. మా అమ్మాయి వచ్చి, "అమ్మా, ఒక్క పూట భోజనానికి కిలో పెరుగుతావా? ఆ భోజనమే కిలో ఉండదు కదా" అంది. ఆ మాటకి కాస్త ఊపిరి ఆడింది. కానీ కాళ్ళు నొక్కితే సొట్ట పడుతోంది, అది మాత్రం చిన్న విషయంగా అనిపించలేదు. శుక్రవారం, 14న, మేము ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం.

ఆయన ముందు నా పుస్తకం చూశారు. తర్వాత బల్ల మీద కూర్చోబెట్టి, రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టమని చాలాసేపు చూశారు. ముంగాలి ఎముక మీద, చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కి పట్టి వదిలారు. చిన్న సొట్ట పడి మెల్లగా నిండింది. అడిగిన ప్రశ్నలు ఇవి: వాపు రెండు కాళ్ళకీ సమానంగా ఉందా, ఒక్క పిక్కకే ఉందా? పడుకుంటే ఆయాసం వస్తోందా? మూత్రం నురగ కడుతోందా, రంగు మారిందా? బీపీ మాత్రలు వాడుతున్నావా, వాటిలో కొన్ని చీలమండలు వాచేలా చేస్తాయి. థైరాయిడ్ ఎప్పుడు చూపించావు? నెలసరి ఎప్పుడు? చివరికి, ఏమేం మాత్రలు మింగావు? ఎదురింటావిడ పట్టీ బయటికి తీశాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. అది కోపానికి గుర్తు.

మూత్ర పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్, లివర్ పరీక్షలు, సీపీకే అని ఒకటి రాశారు. ఈ చివరిది క్రియాటిన్ కైనేజ్, కండరం దెబ్బతింటే రక్తంలోకి కారే పదార్థం. సాయంత్రానికి రిపోర్టులు వచ్చాయి. క్రియాటినిన్, థైరాయిడ్, మూత్రం బాగానే ఉన్నాయి. సీపీకే ఆ ల్యాబ్ లెక్క ప్రకారం 200 లోపు ఉండాలి, నాది 640. ఎస్‌జీఓటీ 40 లోపు ఉండాల్సింది 71. మా ఆయనకి ఈ రెండోదే కనిపించింది. లివర్ పరీక్షల వరసలో ఉంది కదా, దారి పొడవునా "లివర్‌కి ఏదో అయింది" అని ఒకటే గొణుగుడు. ఆయన స్నేహితుడొకరికి ఏదో జరిగిన కథ కూడా మొదలెట్టారు.

డాక్టరు గారు తేల్చింది ఏంటంటే, ఎస్‌జీఓటీ అనేది లివర్‌లోనే కాదు, కండరాల్లోనూ ఉంటుంది. కొత్తగా బరువులు ఎత్తినవాళ్ళకి పెరగడం మామూలే. సీపీకే కూడా దానితో పాటు పెరిగింది, లివర్‌కి సంబంధించిన మిగతా అంకెలు సరిగ్గానే ఉన్నాయి, కాబట్టి రెండూ వచ్చింది తొడల నుంచే. వారం పది రోజులాగి మళ్ళీ చూద్దామన్నారు. జిమ్‌లో చేరిన వారంలోనే మాస్టర్ హెల్త్ చెకప్ చేయించుకుని, లివర్ పోయిందని ఊరంతా తిరిగినవాళ్ళు తన దగ్గరకి వస్తూనే ఉంటారట.

కానీ ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పారు. "640 కాబట్టి నవ్వుతున్నాను. వేలల్లోకి వెళితే నవ్వను" అన్నారు. కండరం మరీ ఎక్కువ దెబ్బతింటే దానిలోని పదార్థం మూత్రపిండాలకి అడ్డం పడుతుంది. అప్పుడు మూత్రం కాఫీ డికాషన్ రంగులోకి మారుతుంది, కండ రాయిలా గట్టిపడుతుంది, నొప్పి పడుకున్నా తగ్గదు, కాలు ఎత్తే బలం ఉండదు. అలాంటిది కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. అలాగే ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి నొప్పి పెడితే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి, జిమ్ నొప్పి అని కూర్చోకూడదు. ఎండలో చెమటలు కారి ఒళ్ళు ఎండిపోయి ఉన్నప్పుడు డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మింగితే కిడ్నీల మీద భారం. పైగా అవి ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి. అంటే వాపు తగ్గాలని నేను వేసుకున్నదే వాపుకి ఒక చెయ్యి వేసింది.

ఇక మిగతా నీటి లెక్క. ఇది నాకు నచ్చిన భాగం, కొంచెం ఎక్కువ రాస్తాను.

ఖాతాల నిల్వలన్నీ ఒకచోట రాసి సరిచూసే అంకణా, అంటే ట్రయల్ బ్యాలెన్స్, తయారుచేసినప్పుడు డెబిట్, క్రెడిట్ కలవకపోతే, తేడా ఎక్కడుందో వెంటనే దొరకకపోతే, ఆ తేడాని తాత్కాలికంగా అనామతు ఖాతా అని ఒకటి తెరిచి అందులో పడేస్తాం. అది లాభమూ కాదు, నష్టమూ కాదు. తప్పులు ఒక్కొక్కటీ దొరికి సవరించేకొద్దీ ఆ ఖాతా దానంతటదే ఖాళీ అవుతుంది. ఏటా పిల్లలకి చెబుతాను, "అనామతు ఖాతా చూసి గాభరా పడకండి, దాన్ని తీసుకెళ్ళి నష్టంలో రాసేయకండి" అని. నా ఒంటి ఖాతా వచ్చేసరికి నేను చేసింది సరిగ్గా ఆ పనే. ఆ రాత్రి పుస్తకంలో 71.8 కింద గీత గీసి, ఆ పైన ఉన్న 2.4 పక్కన "అనామతు" అని రాశాను. అందులో ఏమేం పడ్డాయో తర్వాతి రోజుల్లో ఒక్కొక్కటే తేలింది.

ఒకటి, దెబ్బతిన్న కండల్లోకి రిపేరు కోసం వచ్చిన నీరు. తొడలు సెంటీమీటరున్నర పెరగడం దీనివల్లే. రెండోది అన్నం కథ. మనం తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్ అనే రూపంలో కండల్లో, లివర్‌లో నిల్వ ఉంటుంది. దానిలో ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్ళు కూడా నిల్వ ఉంటాయి. కొత్తగా కష్టపడుతున్న కండ రేపటి పనికి అవసరమని మామూలు కన్నా ఎక్కువ నిల్వ చేసుకుంటుంది. 150 గ్రాములు ఎక్కువ దాచుకుందనుకోండి, నీళ్ళతో కలిపి 600 గ్రాములు అయింది. నేను అన్నం మానేసినప్పుడు తగ్గింది ఈ నిల్వే. కొవ్వు కరిగిందని నేను సంబరపడ్డ సోమవారం నిజానికి గాదెలో గింజలు ఖాళీ అయ్యాయి. గృహప్రవేశం పులిహోరతో గాదె మళ్ళీ నిండింది. నిండుతూ నీళ్ళని వెంట తెచ్చుకుంది. క్లాసులో కళ్ళు తిరగడానికి కారణం కూడా ఆ ఖాళీ గాదే.

మూడు, ఉప్పు. పెద్దవాళ్ళు రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే ఒక చిన్న చెంచా. నేనేమో ఆవకాయ, అప్పడం, ఆ పైన రోజుకి రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఓఆర్ఎస్ విరోచనాలు పట్టుకున్నవాళ్ళకి ప్రాణం పోసేది, గంట జిమ్‌కి నిమ్మరసం నీళ్ళు చాలు. నాలుగు, వేడి. ఉక్కలో గట్టిగా వ్యాయామం మొదలుపెట్టిన మొదటి వారంలోనే, చెమటకి సరిపడా ఉండాలని శరీరం రక్తంలోని నీటి భాగాన్ని పెంచుకుంటుందట. అది మంచిదే, ఎండకి అలవాటు పడుతున్నట్టు. ఐదు, డైక్లోఫెనాక్. దేనికెంత అని నేను చీటీ రాయలేను, ఏ డాక్టరూ రాయలేరు. కానీ ఇన్ని పద్దులు కనపడ్డాక రెండున్నర కిలోలు మిస్టరీగా అనిపించలేదు.

వారం పాటు జిమ్ మానేశాను. నడక మానలేదు, కానీ మెల్లగా, అరగంట. మామూలుగా అన్నం తిన్నాను. మాత్రలు, ఓఆర్ఎస్, ఆవకాయ ఆపేసి దాహం వేసినప్పుడు నీళ్ళు తాగాను. సాయంత్రం కాసేపు కాళ్ళు గోడకి ఆనించి పడుకున్నాను. అమ్మ చెప్పిన బార్లీ నీళ్ళు కూడా తాగాను, అది పనిచేసిందో లేదో గానీ ఆవిడ సంతోషించింది. 17న 73.0. దానికి ముందు రెండు రాత్రులూ బాత్రూమ్‌కి మూడేసిసార్లు లేచాను. అనామతు ఖాతా ఖాళీ అవుతోందని అర్ధరాత్రి నిద్రమత్తులో నవ్వుకున్నాను. 20న స్నానం చేసి వచ్చేసరికి మెట్టె పక్కకు తిరిగి ఉంది. దాన్ని సర్దుకుంటే ఎంత హాయిగా అనిపించిందో. 22న 72.2. మళ్ళీ పరీక్ష చేయిస్తే సీపీకే 150, ఎస్‌జీఓటీ మామూలు.

24న జిమ్‌కి వెళ్ళి ట్రైనర్‌తో కూర్చుని మాట్లాడాను. రిపోర్టు చూపించాను. పాపం కంగారుపడ్డాడు. వాళ్ళకి నేర్పినవాళ్ళు అలాగే నేర్పారు, ఎవరినీ తప్పు పట్టి లాభం లేదు. కానీ కొత్తగా వచ్చిన నలభై దాటిన మనిషిని మొదటి రోజు ఎంతవరకు ఆపాలో తెలియకుండా డబ్బు కట్టించుకోవడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు. బస్కీలు పదేసి రెండు విడతలు, డంబెల్స్ లేకుండా, వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ అని రాసుకున్నాం. "క్రియాటిన్ పొడి తీసుకుంటే బలం త్వరగా వస్తుంది మేడమ్" అన్నాడు. అది వాడితే మొదటి వారాల్లో కండల్లోకి నీరు చేరి కిలో దాకా బరువు పెరుగుతుందని అప్పటికి చదివి ఉన్నాను. మంచిదే కావచ్చు, కానీ నా గుండెకి ఇంకో అనామతు పద్దు తట్టుకునే ఓపిక లేదు, వద్దన్నాను.

విచిత్రం ఏంటంటే, ఈసారి నొప్పి సగం కూడా రాలేదు. తక్కువ చేశాం కాబట్టి అనుకున్నాను. జూలై మొదటి వారానికి మెల్లగా పెంచుకుంటూ మళ్ళీ ఐదు విడతల దాకా వెళ్ళాను, అయినా మెట్లు మామూలుగా దిగాను. ఒకసారి ఆ దెబ్బ తిన్న కండ, అదే పని మళ్ళీ పడితే అంత దెబ్బ తినదట, ఆ రక్షణ కొన్ని వారాల దాకా నిలుస్తుందట. జూలై 1న 71.4. జూన్ 3 నాటి కన్నా నాలుగు వందల గ్రాములు తక్కువ. టేపు పెడితే నడుము రెండు సెంటీమీటర్లు తగ్గింది, తొడ మళ్ళీ 58కి వచ్చింది.

జూలై 8న మళ్ళీ 72.3. చెయ్యి ఒకసారి వణికింది. కేలెండర్ చూశాను, నెలసరికి ఇంకా మూడు రోజులు. పుస్తకం వెనక్కి తిప్పితే మేలోనూ, ఏప్రిల్‌లోనూ ఆ రోజుల్లో ముప్పావు కిలో, కిలో పెరిగి దిగిన జాడ ఉంది. జూన్‌కి ముందు వారానికోసారే చూడటం వల్ల అది ఒకసారి దొరికి, ఒకసారి దొరక్కుండా పోయింది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే, కాఫీకి ముందు చూసి రాసుకుంటాను. రోజు అంకెని పట్టించుకోను, ఏడు రోజులవి కూడి ఏడుతో భాగిస్తాను. ఆ సగటు మాత్రం ఎర్ర సిరాతో రాస్తాను.

జూలై 20, గిరి ప్రదక్షిణ. బయల్దేరే ముందే మెట్టెలు కాస్త విప్పి వదులు చేసుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక మీదుగా అప్పూఘర్ చేరేసరికి చీకటి పడింది. రోడ్డంతా వాన తడి, అరటిపళ్ళు, మజ్జిగ, పులిహోర పంచేవాళ్ళు. ఈసారి పులిహోర చూసి భయపడలేదు, రెండుసార్లు తిన్నాను. ఎన్ఏడీ కూడలి దాటాక పాదాలు బూట్లలో ఇరుక్కుపోయినట్టయితే లేసులు వదులు చేసుకున్నాను. గోపాలపట్నం దగ్గర మా ఆయన ఒక అరుగు మీద కూలబడి "ఇంకెంత దూరం?" అని మూడోసారి అడిగారు. ఆయన జిమ్‌కి రాలేదు మరి. తిరిగి కొండ కిందికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది.

మర్నాడు పొద్దున పాదాలు బొద్దుగా ఉన్నాయి. ఉంగరం రాలేదు. మిషన్ మీద 71.9. ముందురోజు 70.6. మా ఆయన కూడా ఎక్కి చూసుకుని, "అంత నడిస్తే నాకు కిలో పెరిగిందేంటే!" అని గావుకేక పెట్టారు. పుస్తకం తెచ్చి రెండు అంకెలూ రాసి, రెండింటి పక్కనా "అనామతు" అని రాసి, కాఫీ పెట్టడానికి లేచాను.